ప్రెగ్నెన్సీలో డిప్రెషన్ మాత్రలు: నేను ఫార్వర్డ్ చేసిన ఒక లింక్ కథ

ఈ ఎపిసోడ్ చెయ్యాలని ఎనిమిది నెలలుగా అనుకుంటున్నా. స్క్రిప్ట్ రాసుకోవడం, పక్కన పెట్టేయడం, ఇదే పని. ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేనే. మా వదిన "చెప్పు, నలుగురికీ ఉపయోగపడుతుంది, నా పేరు మాత్రం వద్దు" అంది. అందుకే ఇవాళ కూర్చున్నా.

విషయం ఏంటంటే, మా వదినకి పెళ్ళికి ముందు నుంచే డిప్రెషన్ ఉంది. సెర్ట్రలిన్ 50 ఎంజీ, రోజూ ఒకటి. ఆ విషయం మా అన్నకి, నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలీదు. అమ్మకి "విటమిన్ మాత్రలు" అని చెప్పాం. మన ఇళ్ళలో ఇది మామూలే కదా. సరే, ఆవిడకి నెల తప్పింది, టెస్ట్ పాజిటివ్ వచ్చింది, ఇల్లంతా సంబరం. అప్పుడు నేను ఇంకా ఐటీ జాబ్‌లోనే ఉన్నా. రాత్రి షిఫ్ట్‌లో బిల్డ్ అవుతుంటే ఖాళీగా ఫోన్ తీసి "సెర్ట్రలిన్ ప్రెగ్నెన్సీ" అని వెతికా. మొదట వచ్చింది ఒక అమెరికన్ లాయర్ ఆఫీసు పేజీ. పసిపాప ఫొటో, కింద పెద్ద అక్షరాలతో గుండె లోపాలు, నష్టపరిహారం, ఇప్పుడే కాల్ చెయ్యండి. నేను పూర్తిగా చదవను కూడా చదవలేదు. వదినకి వాట్సాప్‌లో కొట్టేశా. కింద "వదినా, ఒకసారి చూడండి" అని రాశా. రెండు బ్లూ టిక్స్ వచ్చాయి. అంతే, నేను మర్చిపోయా.

ఆవిడ మర్చిపోలేదు. మర్నాటి నుంచి మాత్రలు ఆపేసింది. ఎవరికీ చెప్పలేదు. స్ట్రిప్‌లు కందిపప్పు డబ్బాలో దాచిపెట్టింది. తర్వాత అన్నం సయించకపోవడం, నిద్ర లేకపోవడం, పొద్దస్తమానం పడుకునే ఉండటం. అమ్మ "వేవిళ్ళు రా, మొదటి కాన్పు కదా, ఇలాగే ఉంటుంది" అంది. మేమందరం నమ్మాం. ఐదో వారంలో ఒక రాత్రి నేను మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే, ఆవిడ లైటు వెయ్యకుండా కింద కూర్చుని ఉంది. "బిడ్డ ఎలాగూ బాగా పుట్టదు, నేనుండి ఏం లాభం" అంది. నాకు కాళ్ళు వణికాయి. అన్నని లేపా. తెల్లారగానే ఆవిడ పాత సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాం.

డాక్టర్ గారు అంతా విని ఒకే ఒక ప్రశ్న అడిగారు. "ఆ లింక్ పంపింది ఎవరమ్మా?" వదిన నా వైపు చూడలేదు. నేనే చెయ్యెత్తా.

ఆ తర్వాత నేను ఈ విషయం మీద పిచ్చి పట్టినట్టు చదివా. ఇప్పుడు మీకు చెప్పేది అదే. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు, బీటెక్ చదివినవాణ్ణి. ఇది విని మీ మందు మార్చుకోవద్దు, మీ డాక్టర్‌ని ఏం అడగాలో తెలుసుకోండి.

మొదట, ఆ లాయర్ పేజీ పూర్తిగా అబద్ధమా? కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

పరాక్సెటిన్ అని ఒక మందు. అమెరికాలో పాక్సిల్ పేరుతో అమ్మారు, కంపెనీ గ్లాక్సోస్మిత్‌క్లైన్. మన దగ్గర పెక్సెప్, పాక్సిడెప్ లాంటి పేర్లతో దొరుకుతుంది. ఇదీ సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్, ఎస్సిటలోప్రామ్‌లాగే ఎస్ఎస్ఆర్ఐ జాతి మందే. 2005 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద గట్టి హెచ్చరిక ఇచ్చింది. స్వీడన్ జనన రికార్డుల్లో చూస్తే, మొదటి మూడు నెలల్లో పరాక్సెటిన్ వాడిన తల్లుల పిల్లల్లో సుమారు 2 శాతం మందికి గుండె లోపాలు కనిపించాయి. మొత్తం రికార్డుల్లో అది సుమారు 1 శాతం. అప్పట్లో మందులకి ఏ, బీ, సీ, డీ, ఎక్స్ అని ప్రెగ్నెన్సీ గ్రేడ్లు ఉండేవి. పరాక్సెటిన్‌ని సీ నుంచి డీకి దించేశారు. డీ అంటే మనుషుల్లోనే పిండానికి హాని ఉన్నట్టు ఆధారం ఉంది, అయినా కొందరికి అవసరమైతే వాడొచ్చు అని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. "రిస్క్ రెట్టింపు" అని థంబ్‌నెయిల్ పెడితే మనం వణికిపోతాం. (నేనూ అలాంటి థంబ్‌నెయిల్స్ పెట్టినవాణ్ణే, ఒప్పుకుంటున్నా.) అదే లెక్కని ఇంకోలా చెప్తా. 100 మంది పిల్లల్లో ఒకరికి బదులు ఇద్దరికి. అంటే 98 మందికి లేదు. రెండూ నిజమే, రెండూ ఒకటే లెక్క. కానీ మొదటిది విన్నవాళ్ళు మాత్రలు కందిపప్పు డబ్బాలో దాస్తారు, రెండోది విన్నవాళ్ళు డాక్టర్‌కి ఫోన్ చేస్తారు. ఇంకో సంగతి, ఏ మందూ వాడని తల్లులకి కూడా ఏదో ఒక పుట్టు లోపంతో బిడ్డ పుట్టే అవకాశం 100కి సుమారు 3 ఉంటుంది. ఇది సున్నా అనుకుని మనం లెక్క మొదలుపెడతాం, అందుకే లెక్క తప్పుతుంది.

2005 తర్వాత చాలా స్టడీలు వచ్చాయి. కొన్ని రిస్క్ ఉందన్నాయి, కొన్ని లేదన్నాయి. వీటిలో నాకు బాగా అర్థమైంది 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చినది. దాదాపు 9 లక్షల 50 వేల మంది గర్భిణుల డేటా. అందులో 64 వేల మందికి పైగా మొదటి మూడు నెలల్లో డిప్రెషన్ మందులు వాడారు. పైపైన చూస్తే, మందు వాడని వాళ్ళలో ప్రతి 10,000 మంది పిల్లల్లో 72 మందికి గుండె లోపాలు, వాడిన వాళ్ళలో 90 మందికి. అమ్మో, తేడా ఉంది కదా అనిపిస్తుంది.

కానీ ఆగండి. వర్షంలో గొడుగు పట్టుకున్నవాళ్ళే ఎక్కువ తడుస్తున్నారని డేటా చూపిస్తే, గొడుగు వల్లే తడిశారని రిపోర్ట్ రాస్తామా? డిప్రెషన్ ఉన్నవాళ్ళే డిప్రెషన్ మందు వాడతారు. వాళ్ళలో సిగరెట్, మందు అలవాటు, షుగర్, లావు, వేరే మందులు, ఇవన్నీ కూడా ఎక్కువ ఉండొచ్చు. బిడ్డ మీద ప్రభావం దేనిది? ఆ పరిశోధకులు డిప్రెషన్ ఉన్నవాళ్ళని డిప్రెషన్ ఉన్నవాళ్ళతోనే పోల్చి, మిగతా తేడాలన్నీ సరిచేసి చూశారు. ఎస్ఎస్ఆర్ఐల విషయంలో మిగిలిన తేడా సుమారు 6 శాతం. అది కూడా యాదృచ్ఛికంగా వచ్చిందో నిజమో చెప్పలేనంత చిన్నది. పరాక్సెటిన్‌కి, సెర్ట్రలిన్‌కి విడివిడిగా చూసినా పెద్దగా ఏమీ తేలలేదు. అలాగని పరాక్సెటిన్ పూర్తిగా క్లీన్ అని ఎవరూ అనట్లేదు. చిన్న పెరుగుదల చూపించిన స్టడీలు ఇంకా ఉన్నాయి. అందుకే పిల్లల కోసం ప్లాన్ చేసుకునే అమ్మాయికి కొత్తగా మందు మొదలుపెట్టాలంటే డాక్టర్లు మామూలుగా పరాక్సెటిన్ జోలికి వెళ్ళరు, చాలామంది సెర్ట్రలిన్ వైపు చూస్తారు. మా వదిన వాడుతున్నది అదే. అంటే నేను భయపెట్టి ఆపించింది, ఉన్నవాటిలో ఎక్కువమంది డాక్టర్లు ముందు ఎంచుకునే మందుని.

ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు, "మెంటల్ మాత్రలు" అని అన్నింటినీ ఒక గాటన కట్టేస్తారు. వాల్‌ప్రోయేట్ వేరు. అది ఫిట్స్‌కి, బైపోలార్‌కి ఇచ్చే మందు. అది కడుపులో బిడ్డకి నిజంగా ప్రమాదం, 100కి సుమారు 10 మందిలో శారీరక లోపాలు, దాని మీద పిల్లల ఎదుగుదల సమస్యలు. మీ ఇంట్లో ఎవరైనా ఆడపిల్ల అది వాడుతుంటే, నెల తప్పే దాకా ఆగకుండా ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. దాన్ని కూడా సొంతంగా ఆపకూడదు, ఫిట్స్ వస్తే ఇంకో ప్రమాదం.

సరే, టైమింగ్ సంగతి. బిడ్డ గుండె సుమారు మూడో వారం నుంచి ఎనిమిదో వారం లోపల తయారవుతుంది. మనకి నెల తప్పిందని అనుమానం వచ్చి, కిట్ కొని, టెస్ట్ చేసేసరికి ఐదారు వారాలు. అంటే నేను లింక్ పంపిన రోజుకి ఆ గుండె పని అప్పటికే మొదలైపోయింది! మాత్ర ఆపడం వల్ల వదినకి వచ్చిన లాభం దాదాపు ఏమీ లేదు. నష్టం మాత్రం ఉంది. 2006లో జామా జర్నల్‌లో 201 మంది గర్భిణుల మీద ఒక స్టడీ వచ్చింది. మందు ఆపేసిన వాళ్ళలో 68 శాతం మందికి డిప్రెషన్ తిరగబెట్టింది, కొనసాగించిన వాళ్ళలో 26 శాతం మందికి. ట్రీట్‌మెంట్ లేని డిప్రెషన్ అంటే తల్లి తినదు, నిద్రపోదు, చెకప్‌లకి వెళ్ళదు, నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుంది. అన్నిటికంటే ముందు, ప్రాణం మీదకి వస్తుంది. వంటింట్లో చీకట్లో నేను చూసింది అదే.

చివరి నెలల్లో వాడితే ఇంకోటి ఉంటుంది, దాన్ని దాచకూడదు. పుట్టిన బిడ్డ కొన్ని రోజులు కాళ్ళూచేతులూ అదిరినట్టు ఉండటం, చిరాకుగా ఏడవడం, సరిగ్గా పాలు పట్టకపోవడం, కొంచెం వేగంగా ఊపిరి తీయడం జరగొచ్చు. వాడిన తల్లుల పిల్లల్లో సుమారు 30 శాతం మందిలో ఇది కనిపిస్తుంది. మామూలుగా కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో తగ్గిపోతుంది. మా పాపకీ రెండు రోజులు అలాగే ఉంది. పిల్లల డాక్టర్‌కి ముందే చెప్పి ఉంచాం కాబట్టి వాళ్ళు కంగారు పడలేదు. చెప్పకపోయుంటే ఫిట్స్ అనుకుని ఎన్ని టెస్టులు చేసేవాళ్ళో.

ఇప్పుడు కోర్టుల సంగతి. ఆ లాయర్ పేజీ ఎక్కడి నుంచి పుట్టిందో చూద్దాం, ఎందుకంటే దాని వెనక నిజమైన కథే ఉంది.

2009 అక్టోబర్‌లో ఫిలడెల్ఫియాలో ఒక జ్యూరీ పాక్సిల్ కేసులో తీర్పు ఇచ్చింది. గుండె లోపాలతో పుట్టిన బాబు కుటుంబానికి గ్లాక్సో 25 లక్షల డాలర్లు కట్టాలని. డాక్టర్లని సరిగ్గా హెచ్చరించలేదని జ్యూరీ నమ్మింది. దాని తర్వాత 2010లో కంపెనీ 800కి పైగా ఇలాంటి కేసుల్ని 100 కోట్ల డాలర్లకి మించి ఇచ్చి సెటిల్ చేసుకుంటోందని బ్లూమ్‌బర్గ్ రాసింది. ఈ డబ్బు వాసన తగిలిందంటే ఊరుకుంటారా? తర్వాత వంతు జోలాఫ్ట్‌ది, అంటే సెర్ట్రలిన్, కంపెనీ ఫైజర్. వందల కేసులు ఒక్క ఫెడరల్ జడ్జి ముందుకి చేరాయి.

కానీ ఇక్కడ కథ తిరగబడింది. 2015లో సెయింట్ లూయిస్‌లో జ్యూరీ ఫైజర్ పక్షాన తీర్పు ఇచ్చింది, ఫిలడెల్ఫియాలో కూడా అంతే. ఫెడరల్ కోర్టులో జడ్జి సింథియా రూఫ్, బాధితుల తరఫు నిపుణులు చెప్పిన సైన్స్ పద్ధతి నిలబడదని వాళ్ళ సాక్ష్యాన్ని పక్కన పెట్టారు. తమకి అనుకూలంగా ఉన్న స్టడీలు మాత్రమే ఏరుకుని చూపించారన్నది అందులో పెద్ద ఆక్షేపణ. 2016లో 300కి పైగా కేసులు విచారణ దాకా వెళ్ళకుండానే కొట్టేశారు. 2017లో అప్పీల్ కోర్టు కూడా అదే ఖరారు చేసింది. అంటే నేను వదినకి లింక్ పంపిన నాటికి, ఆ కేసులు ఓడిపోయి ఏళ్ళు గడిచాయి. పేజీ మాత్రం ఇంకా ఇంటర్నెట్‌లో బతికే ఉంది. దాని కింద తేదీ ఉందో లేదో కూడా నేను చూడలేదు.

అలాగని కంపెనీలన్నీ సత్యహరిశ్చంద్రులని కాదు. 2012లో ఇదే గ్లాక్సో అమెరికా ప్రభుత్వానికి 300 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో ఒక ఆరోపణ, పాక్సిల్‌ని 18 ఏళ్ళ లోపు పిల్లలకి అనుమతి లేకుండా ప్రచారం చేయడం. దాంట్లో నేరం ఒప్పుకున్నారు కూడా. కాబట్టి అనుమానించే హక్కు మనకి ఉంది. కాకపోతే కంపెనీ మీద అనుమానం వేరు, మన ఇంట్లో మాత్ర ఆపేయడం వేరు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు ఒక విషయం తెలుసుకోవాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఫార్మసీకి వెళ్తే చేతిలో పెట్టేది ఎక్కువగా జెనరిక్. 2011లో అమెరికా సుప్రీంకోర్టు ప్లైవా వర్సెస్ మెన్సింగ్ కేసులో ఏం చెప్పిందంటే, జెనరిక్ కంపెనీ బ్రాండ్ కంపెనీ లేబుల్‌నే కాపీ చెయ్యాలి, సొంతంగా హెచ్చరిక పెంచలేదు, కాబట్టి హెచ్చరించలేదని దాని మీద కేసు వెయ్యలేరు అని. అంటే ఒకే మందు, ఒకే నష్టం, కానీ బ్రాండ్ డబ్బా కొన్నవాళ్ళకి ఒక దారి, జెనరిక్ కొన్నవాళ్ళకి ఆ దారి మూత. నాకైతే ఇది చాలా అన్యాయంగా అనిపించింది. కాలిఫోర్నియా, మసాచుసెట్స్ రాష్ట్రాల పై కోర్టులు మాత్రం, జెనరిక్ వాడినా కొన్ని పరిస్థితుల్లో అసలు బ్రాండ్ కంపెనీ మీద వెయ్యొచ్చన్నాయి. కాబట్టి మీరున్న రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. గడువు కూడా అంతే, రాష్ట్రానికో లెక్క.

మరి మన దగ్గర? చాలామంది "ఇండియాలో ఏం చెయ్యలేం బ్రో" అంటారు. అది కరెక్ట్ కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రొడక్ట్ లయబిలిటీ అని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. సరైన హెచ్చరిక ఇవ్వకపోతే తయారీదారు బాధ్యుడు. కాకపోతే ఒక మెలిక ఉంది. సెక్షన్ 87 ప్రకారం, నిపుణుడి పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువు అయితే, కంపెనీ ఆ నిపుణుడికి తగినట్టు హెచ్చరిక అందించి ఉంటే తప్పించుకోవచ్చు. డిప్రెషన్ మందులు ప్రిస్క్రిప్షన్ మీద ఇచ్చేవే. అంటే ప్రశ్న డాక్టర్ దగ్గరికి వస్తుంది: మీకు చెప్పారా లేదా? ఫీజు తీసుకునే డాక్టర్ సేవ వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ట్రీట్‌మెంట్‌కి ముందు పేషెంట్‌కి తగినంత సమాచారం ఇచ్చి అనుమతి తీసుకోవాలని 2008లో ఇంకో తీర్పులో చెప్పింది. అయితే బిడ్డకి లోపం ఉన్నంత మాత్రాన డాక్టర్ తప్పు చేశాడని కాదు. బాధ్యత గల డాక్టర్ ఎవరైనా చేసేదే ఆయన చేసుంటే కేసు నిలబడదు. పైగా "ఈ మందు వల్లే ఈ లోపం" అని నిరూపించడం, ఇందాక చెప్పిన లెక్కలు చూశారు కదా, అదే కొండంత పని.

గడువు రెండేళ్ళు, సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించొచ్చు. అందుకే నేను చెప్పేదేంటంటే, కేసు వేసినా వెయ్యకపోయినా కాగితాలు దాచండి. ప్రతి ప్రిస్క్రిప్షన్, మెడికల్ షాపు బిల్లు, స్ట్రిప్ వెనక బ్యాచ్ నంబర్ ఫొటో, స్కాన్ రిపోర్టులు, అన్నీ ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. బిల్లు లేకుండా కొంటే రేపు మీరు ఆ మందు వాడారని చెప్పడానికే ఆధారం ఉండదు. డాక్టర్ దగ్గరున్న మీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని రూల్ ఉంది. లాయర్ ఫీజు భయమా? లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నంబర్ 15100. ఇది నాకు 28 ఏళ్ళొచ్చాక తెలిసింది, స్కూల్లో చెప్పాల్సిన విషయం.

కేసు కాకుండా ఇంకో పని కూడా ఉంది, దాన్ని ఎవరూ చెయ్యరు. మందు వల్ల ఏదైనా చెడు జరిగిందని అనుమానం ఉంటే చాలు, నిరూపించక్కర్లేదు, ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకి చెప్పొచ్చు. టోల్ ఫ్రీ 1800-180-3024. స్వీడన్ వాళ్ళ దగ్గర రికార్డులు ఉన్నాయి కాబట్టే 2005లో పరాక్సెటిన్ సంగతి బయటపడింది. మనం రిపోర్ట్ చెయ్యకపోతే మన డేటా ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మా ఇంటి సంగతి. డాక్టర్ గారు అదే సెర్ట్రలిన్ మళ్ళీ మొదలుపెట్టారు. గైనకాలజిస్ట్‌కి ఉత్తరం రాసిచ్చారు, ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఐదో నెలలో టిఫా స్కాన్‌తో పాటు బిడ్డ గుండెకి విడిగా ఫీటల్ ఎకో తీయించారు. ఆ రోజు స్కాన్ సెంటర్ బయట కుర్చీలో నేను కూర్చున్న ముప్పావుగంట, ఏ ప్రొడక్షన్ ఇష్యూకీ అంత టెన్షన్ పడలేదు. నార్మల్ అన్నారు. ఒకవేళ కాదన్నా కూడా ఆ రోజుతో అంతా అయిపోయినట్టు కాదు, ఇది కూడా తెలుసుకోండి. గుండెలో చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి. ఆపరేషన్ కావాల్సినవి ఆరోగ్యశ్రీలో ఉన్నాయి, ఏపీలో ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు.

అమ్మకి కూడా చెప్పేశాం. విటమిన్ కాదమ్మా, ఇది అని. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి రాత్రి తొమ్మిదింటికి గ్లాసు పాలతో పాటు మాత్ర కూడా ఆవిడే తీసుకెళ్ళి ఇవ్వడం మొదలుపెట్టింది.

మీరు గానీ, మీ ఇంట్లో ఎవరైనా గానీ ఇప్పుడు ఈ పరిస్థితిలో ఉంటే, మాత్ర ఆపకుండా డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. చచ్చిపోవాలనిపిస్తున్నా, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తున్నా టెలీ మానస్ 14416, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. ఈ నంబర్ మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకోండి.

పాపకి ఇప్పుడు ఎనిమిదో నెల, పాకుతోంది. నిన్న ఈ స్క్రిప్ట్ వదినకి వాట్సాప్‌లో పంపా. రెండు బ్లూ టిక్స్ వచ్చాయి. గంట సేపు రిప్లై లేదు, నాకు మళ్ళీ పాత భయం. తర్వాత వాయిస్ నోట్ వచ్చింది, వెనక పాప అరుపులు. "కందిపప్పు డబ్బా కాదు మరిదీ, మినప్పప్పు డబ్బా. సరిచెయ్యి."

సరిచెయ్యలేదు వదినా, అలాగే ఉంచేశా. వచ్చే వారం కలుద్దాం ఫ్రెండ్స్, ఉంటా.